సూది తిరిగిన వైపు

తిప్పేష్ ఆగిన ప్రతిచోటా మూడు పనులు జరిగేవి. జీతగాడు హనుమంతప్ప గడ్డపారను నేలలోకి దింపి, అది పడిపోకుండా పట్టుకుని పక్కనే నిలబడేవాడు. తిప్పేష్ గుండెల దగ్గర పట్టుకున్న ఇత్తడి దిక్సూచి మూత తీసి, సూది వణుకు మానేదాకా ఊపిరి బిగబట్టి చూసి, అది చూపిన వైపుకు మళ్ళీ అడుగులు వేసేవాడు. హనుమంతప్ప గడ్డపార పెరికిన గుంటలో బయ్యన్న చారెడు ముగ్గుపిండి పోసి, వెనకటి గుంట నుంచి దానిదాకా గీత లాగేవాడు. ఎండిపోయిన పాత బోరు దగ్గర బయలుదేరిన ఆ తెల్లని గీత, ఏ పైరూ మొలవని ఎర్రనేల మీద మెల్లగా కుడివైపుకు వంగుతూ పోయింది.

సద్దిగంపతో గెనిమ గట్టు మీద నిలబడిన బయ్యన్న కోడలు నందినికి, గీత ఎక్కడికి పోతున్నదో మగవాళ్ళకంటే ముందే తెలిసిపోయింది. అది నల్లమ్మ గొర్రెల దొడ్డి వైపు పోతోంది.

ఆ ఏడు రెండువేల మూడు. విడపనకల్లు చుట్టుపక్కల రైతులకు వరసగా అది ఎన్నో కరువో లెక్కపెట్టే ఓపిక కూడా పోయింది. బయ్యన్న చీనీతోటలో బత్తాయి ఆకులు మధ్యాహ్నానికి దొన్నెల్లా ముడుచుకుని, సాయంత్రానికి కూడా విచ్చుకోవడం మానేశాయి. కొత్త బోరు పడకపోతే తోట దక్కదు. అందుకే బళ్ళారి వైపు నుంచి తిప్పేష్‌ను పిలిపించారు. టెంకాయ నిలబెట్టి, వేపపుల్ల తిప్పి పాయింటు చూపేవాళ్ళను బయ్యన్న ఎప్పుడో నమ్మడం మానేశాడు. ఈయన అలా కాదు, దిక్సూచి ఉంది. భూమిలో అయస్కాంత గీతలుంటాయని, నీటిదారులు వాటి వెంటే పోతాయని, రెండు గీతలు కోసుకున్నచోట రెండు దారులు కలుస్తాయని అతను చెప్పినప్పుడు, బయ్యన్నకు అది చదువుకున్న మాటలా వినిపించింది.

రెండో గీతను తూర్పు గట్టు నుంచి మొదలుపెట్టారు. అది ఎడమకు వంగుతూ వచ్చి, నల్లమ్మ గొర్రెల దొడ్డి కంపగోడ దగ్గర మొదటి గీతను కోసింది. తిప్పేష్ దిక్సూచి మూత మూశాడు.

"ఈడే అన్నా. రెండూ ఈడ కోసుకుంటాండాయి."

దొడ్డి లోపల ఈనడానికి సిద్ధంగా ఉన్న గొర్రెకు నీళ్ళు పెడుతున్న నల్లమ్మ ఆ మాట విని చెంబు కింద పెట్టింది. ఆమె మొగుడు ఓబుళేసు పెద్దమందను తోలుకుని తుంగభద్ర కాలువల కిందికి మేతకు పోయి ఉన్నాడు. అంతదూరం నడవలేని ముసలి గొర్రెలు, చూలు గొర్రెలు, పసిపిల్లలు ఆమె దగ్గర మిగిలాయి. దొడ్డి ఆమెది, నేల బయ్యన్నది. ఏటా చేలలో మంద కట్టి ఎరువు వేసినందుకు బయ్యన్న తండ్రి ఆ మూల నోటిమాటగా ఇచ్చాడు. మనిషి నడుమెత్తు రాళ్ళు, వాటిమీద దట్టంగా పేర్చిన తుమ్మకంప. ఆ కంప లేకపోతే తోడేళ్ళకు అడ్డం లేదు.

బయ్యన్న కటువైన మనిషి కాడు. విషయం నెమ్మదిగానే చెప్పాడు. శుక్రవారం బోరు బండి వస్తుందనీ, ఆలోపు దొడ్డి తీసేయాలనీ, కంప మోయడానికి మనుషుల్ని పంపుతాననీ అన్నాడు.

"మీ నాయన ఈడ కట్టుకోమని చెప్పినాడు అన్నా."

"నేను కాదంటినా? గీత ఎవురి మొగమూ చూసి పోదు నల్లమ్మా. నా ఇంటి మీద పోయింటే నా ఇల్లు తీసేస్తా."

నల్లమ్మ దొడ్డి బయటికి వచ్చింది. గీత తన దొడ్డిని తాకిన చోట నిలబడి, దాన్ని తొక్కకుండా పాదం వెనక్కి తీసుకుంది. ఆ పాదాన్ని నందిని చాలాసేపు మరిచిపోలేకపోయింది.

*

మధ్యాహ్నం పనులు ముగిశాక నందిని వంకలోకి దిగింది. వానలు లేక వంక ఎండి, ఇసుక మీద నల్లని చారలు మిగిలి ఉన్నాయి. పాత రేడియో స్పీకరు నుంచి ఊడదీసిన అయస్కాంతానికి గుడ్డ చుట్టి ఆ చారల మీద అటూ ఇటూ లాగితే, ఇనుము కలిసిన నల్లఇసుక మీసకట్టులా గుడ్డకు పట్టుకుంది. చిన్న డబ్బా నిండేదాకా దులుపుకుని ఇంటికి వచ్చింది.

ఆమె డిగ్రీలో భౌతికశాస్త్రం చదివింది. ఆ చదువుకు ఈ ఇంట్లో గౌరవం ఉంది, పని లేదు. కళ్యాణదుర్గంలో వేరుశనగ దుకాణం చూసుకునే భర్త హర్ష వారానికోసారి వస్తాడు. తక్కిన రోజుల్లో ఆమె మాట్లాడేది ఎక్కువగా అత్త సుబ్బలక్ష్మమ్మతోనే. మామతో మాట్లాడవలసి వస్తే, ఆయన వసారాలో కూర్చుని వక్కలు కత్తిరించుకునే వేళను ఎంచుకునేది. ఆ వేళ ఆయన ఎవరేమి చెప్పినా వింటాడు.

"మామా, అట్లా రెండు గీతలు కోసుకోవు."

బయ్యన్న అడకత్తెర ఆపలేదు. "యాడ రాసుండాది?"

"పుస్తకం సంగతి వదలండి. సూది ఒకచోట పెడితే ఒక వైపే చూస్తుంది. గీత అంటే సూది చూసే వైపుకు మనం వేసుకున్న గుర్తు. రెండు గీతలు ఒకచోట కోసుకుంటే, ఆడ పెట్టిన సూది ఏ గీత వెంట చూడాల?"

"చూసింది గదమ్మా. నా కండ్లతో చూస్తి. పొద్దున ఒకపక్క, రోంతసేపటికి ఇంకోపక్క."

"అదే నేనూ అడిగేది. చోటు అదే, సూది అదే. మరి మారిందేమి?"

ఆయన ఒక వక్కముక్క నోట్లో వేసుకున్నాడు. పొమ్మని మాత్రం అనలేదు.

నందిని అయస్కాంతాన్ని నేలమీద పెట్టి, దానిపైన ఒక పాత పెళ్ళిపత్రికను తిరగేసి పరిచింది. నల్లఇసుకను చిటికెలతో పైన చల్లి, అట్ట అంచును గోటితో మెల్లగా తట్టింది. చిందరవందరగా ఉన్న ఇసుక ఒక్కసారి కదిలి, ఒకవైపు నుంచి లేచి వంపు తిరిగి మరోవైపు దిగే వరసలుగా సర్దుకుంది. బయ్యన్న ముందుకు వంగాడు. వరసలు అయస్కాంతం దగ్గర చిక్కగా, దూరం పోయేకొద్దీ పలచగా ఉన్నాయి.

"ఉండాయి గదా గీతలు," అన్నాడు ఆయన, పందెం గెలిచినవాడిలా.

ఆమె ఒక వేరుశనగ గింజను తీసి సరిగ్గా ఒక వరస మీద పెట్టింది. తరువాత ఇసుకను ఈకతో చెరిపి, మళ్ళీ చల్లి, మళ్ళీ తట్టింది. ఆకారం అదే వచ్చింది, వరసలు మాత్రం వేరే చోట్ల పడ్డాయి. గింజ ఇప్పుడు రెండు వరసల నడుమ ఖాళీలో ఉంది. కుట్టుసూదిని దారానికి కట్టి ఆ ఖాళీ మీద వేలాడదీసింది. సూది అక్కడ కూడా పట్టుదలగా ఒకే వైపుకు తిరిగి నిలిచింది.

"గీత లేనిచోట కూడా బలం ఉండాది మామా. వాన చేనంతా కురుస్తుంది. మనకు కనపడేది సాళ్ళలో పారే నీళ్ళే. సాలుకూ సాలుకూ మధ్య వాన పడలేదంటామా?"

ఆ మాట బయ్యన్నకు నచ్చినట్టు కనిపించింది. బలం ఎక్కువున్న చోట గీతలు దగ్గరగా గీస్తారనీ, తక్కువున్న చోట ఎడంగా గీస్తారనీ, అది ఒప్పందమే తప్ప భూమిలో ఎక్కడా దారాలు పరిచిలేవనీ ఆమె చెప్పుకుంటూ పోయింది. ఆయన వింటూ వింటూ అడకత్తెరను అట్ట అంచున పెట్టి, తన మొరటు వేలితో తానే ఒకసారి తట్టాడు.

వరసలు చెదిరి, మళ్ళీ కూడాయి. కానీ ఈసారి అడకత్తెర ఉన్నవైపు వంపులు తమ వంపు మరిచిపోయాయి. పిలిచినట్టుగా పక్కకు తిరిగి, దాని ఇనుపకాళ్ళ దగ్గర గుమికూడాయి.

"ఇదేమిది? అడకత్తెరలో గూడా నీళ్ళుండాయా?" అని నవ్వాడు బయ్యన్న.

నందిని నవ్వలేదు. ఆమె కళ్ళముందు ఒక గడ్డపార నిలబడి ఉంది.

*

హనుమంతప్ప మరునాడు పొద్దున్నే ఎద్దులకు చొప్ప వేస్తుంటే ఆమె అక్కడికి పోయింది. నిన్న గడ్డపార పట్టుకుని తిప్పేష్‌కు ఏ పక్కన నడిచావని అడిగింది. ప్రశ్న వింతగా తోచినా, అతను చేతిలో చొప్పకట్టతోనే గాలిలో దారి చూపిస్తూ చెప్పాడు. పాత బోరు కాడినుంచి పోయేటప్పుడు కుడిపక్క, గట్టు మీదినుంచి వచ్చేటప్పుడు ఎడమపక్క.

"ఎందుకట్లా?"

"ఎందుకేముండాదమ్మా? ఆ పక్కలనే కాలిబాట ఉండాది. తక్కిన చేనంతా పల్లేరుగాయలు. నా కాళ్ళకు చెప్పులు లేవు."

ఆమె అతని పాదాల వైపు చూసింది. తరువాత, రెండు కాలిబాటలు ఎక్కడికి పోతాయని అడిగింది. ఆ సంగతి ఆమెకు తెలుసు, అయినా అతని నోట వినాలనిపించింది.

"యాడికి పోతాయి? నల్లమ్మ దొడ్డికాడికే. పాలకు పొయ్యేవాళ్ళు తొక్కి తొక్కి పడిన బాట."

నందిని అక్కడినుంచి నేరుగా నల్లమ్మ దగ్గరికి పోయింది. దొడ్డికి ఒకవైపు కంప అప్పటికే లేచిపోయింది. నల్లమ్మ కొడవలి మొనతో ఒక్కొక్క మండను లేపి, ముల్లు విరగకుండా కుప్ప వేస్తోంది. విరిగిన కంప మళ్ళీ గోడకు పనికిరాదు. చుట్టుపక్కల గుట్టల మీద తుమ్మలు పొయ్యిల్లోకి పోయి చాలా కాలమైంది.

ఇంకో రోజు ఆగమని నందిని అడిగింది. ఆగితే శుక్రవారం బండివాళ్ళు ఈడ్చి పారేస్తారనీ, అప్పుడు కంపా దక్కదు, గోడా దక్కదనీ నల్లమ్మ జవాబిచ్చింది. ఆ మాటలో కోపం లేదు. పని ఆపకుండానే, నిన్న సాయంత్రం ఆ గొర్రె ఈనిందని చెప్పింది. పిల్ల దొడ్డి మూలలో, ఇంకా తడి ఆరని చెవులతో, తల్లి కాళ్ళకింద నిలబడడం నేర్చుకుంటోంది.

"గీత మారుతుందేమో నల్లమ్మా."

"మారితే ఇంకొకరి మీదికి పోతాది. అంతే గదమ్మా."

ఇంటికి తిరిగివచ్చే దారి పొడుగునా నందినికి ఆ మాట కాలిలో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. గీత ఎవరి మీదికీ పోనవసరం లేదని నిరూపించడం వేరు, నమ్మినవాడిని ఒప్పించడం వేరు. తాను చెబితే అది కోడలి మాట. పదిమంది ముందు చెబితే మామకు తలవంపు, తిప్పేష్‌కు కూటికి దెబ్బ. సూదే చెప్పాలి.

ఆ సాయంత్రం వసారాలో ఆమె ఒకే ఒక కోరిక కోరింది. రేపు తిప్పేష్ బోరు చోటుకు గుర్తుగా మేకు దిగగొట్టడానికి వచ్చినప్పుడు, పాత బోరు కాడినుంచి గీతను ఇంకోసారి నడిపించాలి. అన్నీ నిన్నటిలాగే ఉండాలి. హనుమంతప్ప మాత్రం ఎడమపక్క నడవాలి.

బయ్యన్న అడకత్తెరను తిప్పి చూసుకున్నాడు. 

"గీత తప్పని తేలితే, నీళ్ళు యాడుండాయో నీకు తెలుసునా?"

"తెలీదు మామా."

"ఆయప్పకు?"

"ఆయనకూ తెలీదు. ఆయనకు తెలీదని ఆయనకు తెలీదు."

ఆయన ఇంకో వక్క తీసి అడకత్తెరలో పెట్టాడు.

*

గురువారం తిప్పేష్ టెంకాయ, నిమ్మకాయలు, పసుపు పూసిన మేకుతో వచ్చాడు. మనిషి నలుగురితో కలుపుగోలుగా ఉండేవాడు. దారంతా నీళ్ళు పడిన బోర్ల కథలు చెబుతూ, పడని వాటి మాట రాకుండా తోట దాకా నడిచాడు. ఇంకోసారి గీత చూడమని బయ్యన్న అడిగితే నొచ్చుకోలేదు. బంగారాన్ని ఎన్నిసార్లు గీటినా బంగారమే కదా అన్నాడు.

హనుమంతప్ప గడ్డపార ఎత్తుకుని, అలవాటుగా కాలిబాట పట్టబోయాడు.

"ఆ పక్క పా," అన్నాడు బయ్యన్న.

"పల్లేర్లుండాయి అన్నా."

బయ్యన్న నిలబడినచోటే తన తోలుచెప్పులు రెండూ విడిచి, కాలితోనే అతని ముందుకు జరిపాడు. హనుమంతప్ప వాటివైపు చూశాడు, తరువాత అందరి మొగాలూ చూశాడు. ఎవరూ ఏమీ అనకపోయేసరికి, వేడి పెనం మీద కాలు పెట్టేవాడిలా ఒక్కొక్క పాదాన్నీ వాటిలో పెట్టాడు. చెప్పులు కాస్త పెద్దవి. ఎడమపక్కన, పల్లేర్ల మీద, టపటపమంటూ నడిచాడు. బయ్యన్న ఉత్తకాళ్ళతో కాలిబాట మీద నడిచాడు.

గుంట, సూది, అడుగులు, ముగ్గుపిండి. మొదట తేడా తెలియలేదు. చేను సగం దాటాక, పాత గీతకూ కొత్త గీతకూ నడుమ ఒక బండి పోయేటంత ఎడం వచ్చింది. తిప్పేష్ నుదురు చిట్లించి సూదిని ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు, అయినా నిజాయితీగా అది చూపిన వైపే నడిచాడు. గీత ఎడమకు, ఇంకా ఎడమకు వంగి, నల్లమ్మ దొడ్డిని చేనంత దూరంలో వదిలేసి, పడమటి మూలన సున్నం కొట్టిన కట్ట దగ్గరికి వచ్చి ఆగింది.

అది బయ్యన్న తండ్రి సమాధి.

 అప్పటిదాకా కంప కుప్ప పక్కన నిలబడి చూస్తున్న నల్లమ్మ మెల్లగా నడుచుకుంటూ వచ్చి దూరంగా ఆగింది. గీత ఎవురి మొగమూ చూసి పోదని ఆమె అనవచ్చు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, అంతే.

 గీతలు దినదినానికీ కొద్దిగా కదులుతాయన్నాడు తిప్పేష్. బోరు రెండు బారలు ఇవతల దించినా దోషం లేదన్నాడు.

"ఈడ రెండు బారలు జరిపితే దోషం లేదు. ఆడ ఆయమ్మ దొడ్డికాడ ఎందుకు జరపలేదప్పా?" బయ్యన్న గొంతు పెరగలేదు. తనను తానే అడుగుకుంటున్నట్టు అడిగాడు.

 బయ్యన్న చేయి చాపి దిక్సూచిని తీసుకున్నాడు. సమాధి పక్కన నాటి ఉన్న గడ్డపార దగ్గర దాన్ని పట్టుకున్నాడు. సూది గడ్డపార తల వైపుకు తిరిగింది. అవతలి పక్కకు మారి పట్టుకున్నాడు. సూది కూడా మారి, మళ్ళీ గడ్డపారనే చూసింది. ఆయన గడ్డపారను పెరికి హనుమంతప్పకిచ్చి, దూరంగా గట్టు మీద పడేసి రమ్మన్నాడు. అతను చెప్పులు టపటపలాడించుకుంటూ పోయి వచ్చేదాకా అందరూ నిలబడ్డారు.

తరువాత బయ్యన్న ఒక్కడే నడిచాడు. ఉత్తకాళ్ళతో, పల్లేర్ల మధ్య ఆగి ఆగి ముళ్ళు తీసుకుంటూ, చేనంతా అడ్డదిడ్డంగా తిరిగాడు. కొత్త గీత మీద నిలబడ్డాడు, పాత గీత మీద నిలబడ్డాడు, గీతలేని బయల్లో నిలబడ్డాడు. దొడ్డి దగ్గర, రెండు గీతలు కోసుకున్నచోట, అన్నిటికంటే ఎక్కువసేపు నిలబడ్డాడు. ఎక్కడ చూసినా సూది ఒకే తీరుగా ఉత్తరం వైపు చూసింది. ఏ చోటుకూ ఎక్కువ లేదు, ఏ చోటుకూ తక్కువ లేదు.

తిరిగివచ్చి దిక్సూచిని తిప్పేష్ చేతిలో పెట్టాడు. తిప్పేష్ దాన్ని అటూ ఇటూ తిప్పి, తెలిసిన మనిషిలో తెలియని సంగతి ఏదో కనిపించినట్టు చూసుకున్నాడు.

"నాకు నేర్పినాయన కట్టెమేకుతో గుచ్చుతాండె అన్నా," అన్నాడు చివరికి. "ఈ కరువులో నేల రాయి అయిపాయె. కట్టె దిగకపాయె. నేనే గడ్డపార పెట్టించినా."

"ఆయనవి పడినాయా?"

"కొన్ని పడినాయి. కొన్ని పడలే."

ఆ మాట అతను బహుశా మొదటిసారి పైకి చెప్పాడు.  బయ్యన్న అతన్ని సద్ది తిని పొమ్మని, బస్సు దాకా హనుమంతప్పను తోడిచ్చాడు. శుక్రవారం బండి వద్దని కబురు చేశాడు. అనంతపురం పోయి భూగర్భజలాల ఆఫీసువాళ్ళను అడుగుతానన్నాడు. వాళ్ళు వస్తారో రారో, వచ్చేలోపు చీనీచెట్లు నిలుస్తాయో నిలవవో ఆయనకూ తెలియదు. తెలియదన్న సంగతి ఆయన ముఖంలో కొత్తగా, బరువుగా కూర్చుని ఉంది. నందినికి గెలిచినట్టనిపించలేదు. తోటవైపు చూడబుద్ధి కాలేదు.

హనుమంతప్ప చెప్పులు విడవబోతే, బయ్యన్న తలకూడా తిప్పకుండా, ఉండనీలే అన్నాడు.

పొద్దు వాలేవేళకు ఆయన దొడ్డి దగ్గరికి పోయాడు. నల్లమ్మ కుప్ప వేసిన కంపలోంచి ఒక మండను ఎత్తి గోడమీద పెట్టాడు. ఎలా పెట్టాలో తెలియక మొదలు బయటికి, కొసలు లోపలికి వచ్చేట్టు పెట్టాడు.

"అట్ల గాదన్నా. ముండ్లు తోడేలు పక్కకు ఉండాల," అని నల్లమ్మ దాన్ని తిప్పింది. ఆయన రెండో మండ సరిగ్గా అందించాడు.

మేతకు పోయిన ముసలి గొర్రెలు అప్పుడే తిరిగివచ్చాయి. వాటికి గీత సంగతి తెలియదు. కాలిబాట వెంట తోసుకుంటూ, రెండు గీతలూ కోసుకున్నచోటి మీదుగా, తెల్లబడిన గిట్టలతో దొడ్డిలోకి నడిచాయి. చివరి గొర్రె లోపలికి పోయేసరికి ముగ్గుపిండి ఎర్రమట్టిలో కలిసిపోయింది. నందిని గెనిమ మీదినుంచి చూస్తూ నిలబడింది. చేను ఎప్పటి చేనులాగే ఉంది. దొడ్డిలో పసిపిల్ల తల్లిని పిలిచింది, తల్లి పలికింది.